పలకని అక్షరం

మూడోసారి బెణికినప్పుడు
రేవులో అందరికీ తెలిసిపోయింది.
"మళ్లీ అదే కాలా, సున్‌వా?" అని
చేపలు కోసే బల్ల దగ్గర
కత్తి ఆపకుండానే అడిగింది బిర్నా.
అదే కాలు. ఎడమది.
కాలు జారితే తీసుకోవచ్చంటారు గానీ
ఆ మాట అన్నవాళ్లెవరూ
మా ఫారో దీవుల్లో, వాన నానిన గడ్డివాలు మీద
పొట్టేలు వెనక పరిగెత్తి ఉండరు.

వాపు తీశాక టూరి దగ్గరికి పంపారు.
నా కూతురి వయసు. మంచులాంటి చేతులు.
చీలమండని అటూ ఇటూ తిప్పి చూసి
"ఎముకకేం కాలేదు, దీనికి మతిమరుపు.
తానెక్కడుందో తనకే తెలియడం లేదు.
చదువు మొదట్నుంచీ చెప్పాలి" అంది.

అలా యాభై మూడేళ్లకి నాకు అక్షరాభ్యాసం.
కుర్చీలో కూర్చుని, కాలు గాల్లోకి చాచి
బొటనవేలితో అక్షరాలన్నీ దిద్దాలి.
మాకు ఇరవై తొమ్మిది.
మొదటి వారం నాలుగు రాసేసరికి
పిక్క పట్టేసేది.
ఐదోది ఓ వింత అక్షరం,
తోక మీద చిన్న గాటు.
రాస్తాం, పలకం.
టూరి పేరు చివర కూడా అదే ఉంది,
ఎవరూ పలకరు.
పలకనిదాన్ని రాయడమెందుకని
చిన్నప్పుడు బడిలో అడిగాను.
"తీసేసి చూడు, మాట పక్కకి ఒరిగిపోతుంది"
అన్నాడు మాస్టారు.
అప్పుడు నవ్వాను.

కెటిల్ మరిగేదాకా ఒంటికాలి మీద నిలబడతాను.
మొదట్లో గట్టు పట్టుకుని,
తర్వాత ఒక్క వేలు ఆనించి,
ఇప్పుడు కళ్లు మూసుకుని.
కళ్లు మూయగానే కాలి లోపల గొడవ:
ఇటు ఒరుగు, అటు లాగు, ఆగాగు,
తుఫానులో పడవని ఒడ్డుకి లాగేవాళ్లలా
ఒకరి మీద ఒకరు అరుచుకుంటారు.

మెట్టు అంచున మునివేళ్ల మీద లేవడం.
లేవడానికి ఒక అంకె, దిగడానికి నాలుగు.
"లేవడానికే అందరికీ తొందర,
బలం దిగేటప్పుడు వస్తుంది" అంటుంది టూరి.
నేల మీద పరిచిన తువ్వాలుని
కాలివేళ్లతో దగ్గరికి లాక్కోవడం.
"పిల్లి పక్క సర్దుకున్నట్టుంది" అని
హానుస్ పడీపడీ నవ్వాడు.
ఓ రాత్రి నేను నిద్రపోయాననుకుని
వంటింట్లో తనూ ఒంటికాలి మీద నిలబడ్డాడు.
మూడు లెక్కపెట్టేలోపు కూలబడి
కుర్చీని తిట్టాడు.

బూటు తాడు పైకొక్కెం దాకా బిగించడం కూడా
కొత్తగా నేర్చిందే.
ముప్పై ఏళ్లు సగంలో వదిలేశాను,
గుమ్మం దాటే తొందరలో.

చెప్పకూడదు గానీ, ఆగస్టులో
పదిరోజులు అన్నీ మానేశాను.
ఫ్యాక్టరీలో రెండు షిఫ్టులు,
ఇంటికొచ్చి మంచం మీద వాలడమే.
పదకొండోరోజు చదునైన నేల మీద,
మా గుమ్మం ముందే,
కాలు తడబడింది.
ఎవరినీ అనడానికి లేదు.
మళ్లీ మొదటి అక్షరం.

అక్టోబరులో గొర్రెల్ని కొండ దింపారు.
పొగమంచు, కుక్కల అరుపులు,
ఎవరు ఎవర్ని పిలుస్తున్నారో తెలియదు.
నన్ను కింద రాతిదొడ్డి కాపలా ఉండమన్నారు.
ఉన్నాను. గంటసేపు బుద్ధిగా ఉన్నాను.
అప్పుడొక నల్లమొహం గొర్రె
దొడ్డి వాకిట్లోంచి వెనక్కి తిరిగి
వాలు మీదికి పరుగు తీసింది.
ఆలోచించి ఉంటే వెళ్లేదాన్ని కాదు.

నాచు కింద రాయి దొర్లింది.
చీలమండ బయటికి మడతపడబోయి,
లోపల ఎవరో అరిచి, ఎవరో లాగి,
మడమ బురదలో గిర్రున తిరిగి
ఏదో ఒకటి రాసి
నిలబడింది.

ఏ అక్షరమో వంగి చూసుకునే తీరిక లేదు,
గొర్రె అప్పటికే వాగు దాటుతోంది.