అచ్చు

అంకీసా బడిలో నేను నేర్చింది మరాఠీ.
ఆ అక్షరాలన్నీ ఒకే తీగకు ఆరేసిన బట్టలు,
గీత కింద వరసగా వేలాడేవి.
ఇంట్లో మాట తెలుగు. దానికి నా చేతిలో రాత లేదు.

నలభై ఆరో ఏట పలక పట్టాను,
చర్చి వరండాలో, బర్నబా అయ్యగారి భార్య ముందు.
నా పక్కన ఆమె మనవరాలు, ముక్కు చీదుకుంటూ,
నాకంటే రెండు గుణింతాలు ముందుంది.
ఈ అక్షరాలకు ఎవరి తలకట్టు వారిదే,
వారం అంగడికొచ్చిన ముసలాళ్ల లాగ.
ముందు అచ్చులు, అంది అమ్మగారు.
ఋ దగ్గర వారం రోజులు కూలబడ్డాను.

ఈ వయసులో ఎందుకంటే,
నాయన వదిలిపోయిన బైబిలు ఉంది.
ఒక ఏడు ప్రాణహిత ఇంట్లోకొచ్చి దాన్ని తడిపింది,
ఉబ్బి, ఎండి, సగం పుటలు అంటుకుపోయాయి,
అంచులన్నీ ఒండ్రు రంగు.
ఆయన చదివేవాడు, నేను వినేవాణ్ణి.
ఆయన పోయాక నా వినికిడి ఆగిపోయింది.
మరాఠీలో ఒకటి కొన్నాను. అర్థం అయ్యేది,
కానీ దేవుడు నన్ను తహసీలు కచేరీకి పిలిచి
నిలబెట్టి మాట్లాడినట్టుండేది.

దుకాణం మూశాక రాత్రికి ఒక వాక్యం.
కొన్ని రాత్రులు సగమే.
వేలి కింద అక్షరం, అక్షరం కింద ఊపిరి.
అంటుకున్న పుటలను చాయ గిన్నె ఆవిరికి పట్టి
ఉల్లి పొర తీసినట్టు తీసేవాణ్ణి.
అట్లా ఒక రాత్రి ఊడి వచ్చింది
తీతుకు, హెబ్రీయులకు మధ్య ఇరుక్కున్న
ఫిలేమోను.

చిన్న ఉత్తరం, పుటకు కొంచెం ఎక్కువ.
చెరసాలలోంచి ఒక ముసలాయన రాస్తున్నాడు,
పారిపోయిన నీ దాసుణ్ణి తిరిగి పంపుతున్నానని,
తమ్ముడిలా చేర్చుకొమ్మని.
ఆ కింద ఒక మాట నన్ను ఆపేసింది:
అచ్చియున్న.

అచ్చంటే అ ఆ ఇ ఈ కదా.
అచ్చంటే పుస్తకం వేసేది కదా.
మరాఠీది తెరిస్తే తెలిసిపోయేది. తెరవలేదు, పంతం.
తెల్లారి లోయిసమ్మ దగ్గరికి పోయాను,
ఏటి అవతలి నుంచి కోడలుగా వచ్చిన మనిషి,
పొయ్యి ఊదుతూనే చెప్పింది:
"అచ్చివుండుడంటే బాకీ ఉండుడు కొడుకా.
మా అవ్వ అనేది. మీరు ఉద్దెర అంటరు."

ఉద్దెర.
అది నాకు చదవడం వచ్చు.
ఎర్రగుడ్డ ఖాతా, ముప్పై నాలుగో పేజీ,
కొండగొర్ల పోశాలు, పద్దెనిమిది వందల నలభై.
తునికాకు పైసలు రాగానే ఇస్తానని
రాత్రికి రాత్రి మిరప ఏరను ఏరు దాటిపోయాడు.
వాడి పిల్లలు ఇప్పుడు ఉప్పుకు
నా దుకాణం దాటి అవతలి దుకాణానికి పోతారు,
నడిచి కాదు, ఉరికి.

ఆ ముసలాయన అంటున్నాడు,
వాడి బాకీ ఏదున్నా నా పేర రాసుకో అని.
చెరలో ఉన్నవాడు, చేతిలో ఏముంది తీర్చను!
నేనైతే అట్లాంటి జామీను ఒప్పుకోను.

ఇంతకూ ఉత్తరం అందినాయన ఏం చేశాడు?
పుట తిప్పాను. అది వేరే ఉత్తరం.
ఇంకో పుట అంటుకుని ఉందేమోనని
గోటితో గీకి చూశాను.
లేదు. అంతే రాశారు.

అయ్యగారిని అడిగితే నవ్వి,
"అది మీ దగ్గరే అడగాలి" అన్నాడు.
నాకు కోపం వచ్చింది. వారం చర్చికి పోలేదు.

నిన్న పొద్దున పోశాలు పెద్ద పిల్ల ఉరుకుతుంటే పిలిచాను.
ఆగింది, రాయి మీద కాలు పెట్టినట్టు.
ఉప్పు పొట్లం కట్టి ఇచ్చాను. ఖాతా తీయలేదు.
పిల్ల పొట్లం చూసింది, నన్ను చూసింది,
మళ్లీ ఉరికింది.

ఇన్నేళ్లూ నా ఖాతా మరాఠీలోనే.
రాత్రి కొత్త పేజీ తీసి
పోశాలు పేరు తెలుగులో రాసి చూశాను.
మూడక్షరాలు. పో వంకరగా వచ్చింది,
లు కింద కొమ్ము మరిచి మళ్లీ పెట్టాను.
మూడింటి కడుపులోనూ ఒక్కో అచ్చు.

అంకె వేసే చోట కలం ఆగింది.
ఇంతలో కరెంటు పోయింది.
చీకట్లో కూర్చున్నాను,
కలానికి మూత పెట్టకుండా.