సెంటీమీటరు రేటు

రాజాం శ్రీకాకుళంలో ఉన్నప్పుడు
నా వార్త సెంటీమీటరుకి నాలుగు రూపాయలు.
రాజాం విజయనగరంలోకి వెళ్ళింది.
ఎడిషన్ మారింది, డెస్కులో గొంతులు మారాయి,
రేటు మాత్రం సరిహద్దు దాటలేదు.

నెలాఖరు రాత్రి
మా పాప జామెట్రీ బాక్సులోంచి స్కేలు తీసి
నన్ను నేను కొలుచుకుంటాను.
డోలపేటలో కుక్కకాటు, మూడు.
పాముకాటుకి ఆరు, ఫోటో ఉంది కనక.
పాలకొండ రోడ్డులో గొయ్యి,
అదే గొయ్యి, అయిదోసారి, రెండున్నర.
అరలు కలపరు. రెండే.
జీతమెంతని అడగడం
మా మావగారు పెళ్ళయిన ఏడాదే మానేశారు.

మీరు రోజూ ఇచ్చే ఆ ఏడు రూపాయలు
కాగితానికే చాలవు.
సిరా ఉంది, తెల్లారగట్ల వ్యాను ఉంది,
చలిలో సైకిలు తొక్కే కుర్రాడున్నాడు.
తక్కిన ఖరీదు మీ కళ్ళు కడతాయి.
కాఫీ గ్లాసుతో వీధరుగు మీద కూర్చున్న
మీ పావుగంటని గడులు గడులుగా కోసి
బంగారం కొట్టుకీ, ర్యాంకుల కాలేజీకీ,
మోకాళ్ళ ఆస్పత్రికీ అమ్ముతారు.
గడికీ గడికీ మధ్య సందుల్లో
మెత్తే సున్నం నేను.

ఆగస్టు పదిహేనుకి టార్గెట్ నలభై వేలు.
దేశానికి స్వాతంత్ర్యం వచ్చిన రోజు దగ్గరపడితే
రైసు మిల్లుల చుట్టూ తిరుగుతాను, చెప్పుల నిండా ఊక.
యాడ్ ఇచ్చినవాడి గోడౌన్ గురించి రాయలేను.
ఇవ్వనివాడి గురించి రాస్తే
"యాడ్ ఇవ్వనేదని రాసినాడు" అంటారు.
ఒక్కోసారి అది నిజం కూడా.

దసరా వెళ్ళిన మర్నాడు
జ్యూట్ మిల్లు గేటుకి నోటీసు అంటించారు.
పందొమ్మిదో రోజు దాలినాయుడు పోయాడు.
ఇరవయ్యేడేళ్ళు గోనె నేసిన మనిషి,
దగ్గితే పీచు వాసన వచ్చేది.
పదకొండు సెంటీమీటర్లు పంపాను.
అచ్చయింది మూడు.
"గుండెపోటుతో కార్మికుడి మృతి."
గేటు లేదు. నోటీసు లేదు. మిల్లు అసలే లేదు.
ఆ మిల్లు మాత్రం అదే పేజీలో, పైన,
రంగుల్లో, దీపాలతో,
ప్రజలందరికీ శుభాకాంక్షలు చెబుతోంది.

పెద్దకర్మకి రెండ్రోజుల ముందు తవుడమ్మ వచ్చింది.
కొంగుముడి విప్పి పన్నెండు వందలు బల్ల మీద పెట్టింది.
"బావూ, మా మనిసి ఫోటో ఎయ్యాల.
డబ్బులిస్తే ఏస్తారంట గదా.
కింద నాను సెప్పినట్టే రాయండి.
ఏటీ మార్సకండి."

ఆవిడ చెప్పింది, నేను రాశాను.
మిల్లు పేరు, గేటుకి తాళం వేసిన తారీకు,
ఆ తర్వాత పందొమ్మిదో నాడు
మమ్మల్ని విడిచిపోయిన, అంటూ.
పంపేసి ఫోను పక్కనే కూర్చున్నాను.
అన్నం ముందు కూడా ఫోను.
మోగలేదు.
ప్రకటనల విభాగం చదవదు,
కొలుస్తుంది.

ఎనిమిది బై అయిదు, నలుపు తెలుపు.
ఉన్నదున్నట్టు వచ్చింది.
పదకొండేళ్ళలో నేను పంపింది
ఒక్క అక్షరం రాలకుండా అచ్చయింది అదే.
రాసింది నేను కాదు కూడా.
అంబేద్కర్ బొమ్మ దగ్గర టీ కొట్టులో
షిఫ్టు లేని మనుషులు
ఆ గడి వరకూ చింపుకుని జేబుల్లో పెట్టుకున్నారు.
కొట్టువాడు పేపరు చిరిగిందని గొడవపడ్డాడు.

నెల లెక్క వచ్చింది.
దాలినాయుడి చావు వార్తకి మూడు సెంటీమీటర్లు,
పన్నెండు రూపాయలు.
దాలినాయుడి శ్రద్ధాంజలికి కమీషను పదిహేను శాతం,
నూట ఎనభై.

ఆ నూట ఎనభై పట్టుకుని
మిల్లు వెనక లైన్ల ఇళ్ళకి వెళ్ళాను.
తవుడమ్మ చేట పక్కన పెట్టింది.
నోట్లకేసి చూసింది, ముట్టుకోలేదు.
"ఉంచండి బావూ.
ఏడాదికి మల్లీ ఎయ్యాల గదా.
అప్పటికి రేటు పెరుగుతాదేటి?"