రాగి పని

తీగ తెగలేదు. వేడెక్కింది, అంతే.
అదీ సగం బియ్యపు గింజంత మేర.
సున్నాకి రెండొందల అరవై తొమ్మిది మెట్లు కింద
ద్రవ హీలియంలో మునిగి కూర్చున్న చుట్టలో
ఒక పోగు ఒత్తిగిలింది,
నిద్రలో పసిపిల్ల ఒత్తిగిలినట్టు.
ఆ రాపిడి చాలు.
అడ్డన్నది ఎరగక తిరుగుతున్న కరెంటుకి
మొదటిసారి గడప తగిలింది.

రాత్రి పదకొండున్నర. ఎండాడలో మా షెడ్డు.
కిటికీలో, రేవులో చోటు దొరక్క
లంగరేసుకున్న ఓడల దీపాలు.
నేను మిల్లీసెకన్లు లెక్కపెడుతున్నాను.
నాలుగుకి వోల్టేజి తల ఎత్తింది.
పద్నాలుగుకి నమ్మాం
(లారీ కుదుపుకి కూడా అది తల ఎత్తుతుంది,
పది ఆగి నమ్మాలి).
పదహారుకి బ్రేకరు ఠాప్ మంది.
గొట్టంలో ఆవిరి బుస్సుమని
రికవరీ సంచి ఉబ్బింది.

దానయ్య లాగ్‌బుక్కులో రాశాడు:
తొమ్మిదో క్వెంచ్. నాలుగొందల పన్నెండు ఆంపియర్లు.
కింద గీత గీసి: చుట్ట బాగుంది.

మొన్న కమిటీ పెద్దాయనొకరు
తీగ కోసిన ముక్కని భూతద్దం కింద పెట్టి అడిగాడు:
కరెంటంతా ఈ నయోబియం పోగుల్లోనే పోతుంటే
చుట్టూ ఇంత రాగి ఎందుకమ్మా, దండగ కదా?
గ్రాఫు చూపించాను. తల ఊపాడు. రాసుకోలేదు.

రాగి పని చెప్పడం కష్టం సార్.
ఏడాదిలో మూడొందల అరవై నాలుగు రోజులు
దానికి పని లేదు.
పోగు చేతులెత్తేసిన ఆ రెప్పపాటులో
మొత్తం బరువు తన భుజానికి మార్చుకుంటుంది.
వేడెక్కుతుంది. మాట్లాడదు.

అయినా రాగి ఒక్కటే చాలదు.
వేడి ఆ గింజ దగ్గరే కూర్చుంటే
అక్కడే కరిగి తూటు పడుతుంది.
అందుకని మేం చేసేది వినడానికి పిచ్చిపని:
ఒకచోట కాలుతుంటే
హీటర్లు వేసి చుట్టంతటినీ మేమే వేడిచేస్తాం.
అన్నిచోట్లా కాస్త కాస్త.
ఎక్కడా ప్రాణం మీదికి రాకుండా.

ఇది చెబితే అందరూ నవ్వుతారు. దానయ్య నవ్వలేదు.
ఫిషింగ్ హార్బరు ఐసు ఫ్యాక్టరీలో
పద్దెనిమిదేళ్లు దిమ్మలు మోసిన మనిషి.
"తుఫానప్పుడు తొమ్మిది రోజులు కరెంటు నేదమ్మా.
దిమ్మలు మూలనించి కరగడం మొదలెట్టీసినాయి.
ఓనరు తలుపులు మూసీమన్నాడు.
నాను తీసీసినాను.
ఈదందరికీ తలా సెక్క. పాలకి, మందులకి,
ఒకింట్లో శవానికీని."
ఆగాడు.
"ఉజ్జోగం పోయిందనుకో."

చుట్ట వదులుకున్న శక్తి ఎక్కడికి పోయిందని
ఏ కమిటీ అడగదు.
షెడ్డు వెనక వరండాలో, కంచె లోపల,
ఇనప పలకల రెసిస్టరు ఒకటుంది.
అంతా అక్కడికే వచ్చి వేడిగా కూర్చుంటుంది.
స్విచ్చులన్నీ తీసి తాళం వేశాక
దానయ్య ఆ కంచె దగ్గర గొంతుక్కూచుని
వేళ్లు చాపుతాడు.
ఐసు తిన్న వేళ్లు. చివర్లకి స్పర్శ లేదు.

"ఈపాలి కాస్త ఎక్కువే వొచ్చినట్టుందమ్మా."

లోపలికెళ్లి చూశాను.
మీటరు కూడా అదే అంటోంది.