ఒకరు కాదు, ఇద్దరు కాదు

ఫోనులో ముందే చెప్పేశాను:
నాకు ఏ ప్రార్థనామందిరంలోనూ సభ్యత్వం లేదు,
యాభై రెండేళ్ల చందా బాకీ ఉంటుంది,
పోయిన మనిషి మా మతం కాదు.
అటువైపు కాసేపు కాగితాల చప్పుడు.
"మీ వీధిలో కారు ఆపుకునే చోటుంటుందా?"
అనడిగింది రబ్బీ తిర్జా.

వచ్చింది. వెనకద్దానికి టేపు అంటించిన కారు.
డిక్కీలో పెళ్లి పందిరి కర్రలు నాలుగు,
మడత నలగని శాలువా,
గుడ్డలో చుట్టిన గాజు గ్లాసు,
ఎవరి బారసాలదో ఖాళీ కేకు పెట్టె.
"నా గుడి ఇదే," అంది,
"బ్రేకులే కొంచెం వదులు."
వీధి పల్లం చూసి అన్సెల్మో
టైరు కింద ఒక రాయి తోశాడు.

న్యూ బెడ్‌ఫర్డ్‌లో నవంబరు గాలి
రేవు నుంచి నేరుగా ఎముకల్లోకే వస్తుంది.

మా పెళ్లికి ముగ్గురు రబ్బీల గడప తొక్కాం.
మొదటాయన పుస్తకం చూపించాడు.
రెండో ఆయన తలుపు చూపించాడు.
మూడో ఆయన మంచివాడు, టీ ఇచ్చి మరీ కాదన్నాడు.
ఇడలీనా వాళ్ల పాద్రీ టీ కూడా ఇవ్వలేదు.
చివరికి టౌను గుమాస్తా ముందు
కుక్క లైసెన్సు కోసం వచ్చినావిడ వెనక నిలబడి
ఒకటయ్యాం. ఆ కుక్కే పెళ్లిపెద్ద.
మా నాన్న కాలరు చింపుకుని, పొట్టి పీట మీద కూర్చుని
బతికున్న నాకు ఏడు రోజులు మైల పట్టాడు.

"శుక్రవారం దీపాలు వెలిగించేదా ఇడలీనా?"
నేను మరిచిపోయిన వారాల్లో వెలిగించేది.
"ఎన్ని వారాలు మరిచారు?"
దాదాపు అన్నీ.
తిర్జా ఏదో రాసుకుంది. నవ్వలేదు.

పదిమంది లేనిదే ఆ ప్రార్థన చదవకూడదు.
ఇడలీనా తమ్ముళ్లు అన్సెల్మో, గ్వాల్టెర్
ఇంట్లోకి రాగానే అలవాటుగా టోపీలు తీశారు.
"తీయకండి, ఇక్కడ పెట్టుకోవాలి," అంది తిర్జా.
చేపల వాసన పోని చేతులతో మళ్లీ సర్దుకున్నారు.
గ్వాల్టెర్ భార్య డుల్సే, తీపి రొట్టెతో.
మా అమ్మాయి, దాని భార్య థావో.
రాత్రి నర్సు, నిద్రమొహంతో.
కంచె తగాదా నాటి నుంచి
నాతో మాట్లాడని మిసెస్ ఓర్న్‌స్టైన్.

మనుషుల్ని మేం అంకెలతో లెక్కపెట్టం, దిష్టి తగులుతుందని.
మా నానమ్మ ప్రతి అంకెకీ ఒక 'కాదు' తగిలించేది.
తిర్జా కూడా అలాగే, వేలు చూపకుండా:
ఒకరు కాదు, ఇద్దరు కాదు, ముగ్గురు కాదు...
తనని, నన్ను కలుపుకుని
తొమ్మండుగురు కాదు దగ్గర ఆగిపోయింది.

యాభై రెండేళ్లు విన్న మాటే అది.
ఇంత మెత్తగా ఎవరూ అనలేదు.

అప్పుడు తలుపు తట్టాడు
అద్దె ఆక్సిజన్ మిషను తీసుకుపోవడానికి జెఫెరీనో,
తలమీద కంపెనీ టోపీ, చేతిలో రసీదు.
"సంతకం తర్వాత. ముందు ఇలా నిలబడు."
మిసెస్ ఓర్న్‌స్టైన్ గొంతు సవరించుకుంది:
"శాస్త్రం ఒప్పుతుందా?"
"పైన అడిగితే లెక్క నేను అప్పజెప్పుకుంటాను."
పదిమంది కాదు.

అరమాయిక్ మాటలు. అందులో చావు ఊసే లేదు.
నా నాలుక ఎండిన తాడులా ముడిపడింది.
నేను ఆగిన చోటల్లా వాళ్లకి తెలిసింది ఒకే మాట,
తలా ఒక యాసలో: ఆమెన్.
జెఫెరీనోదే అందరికన్నా పెద్ద గొంతు.

తర్వాత ఉడికించిన గుడ్లు, తీపి రొట్టె.
మెట్ల మీద మిషను చక్రాలు దడదడలాడుతూ దిగిపోయాయి,
ఇంట్లో మొదటిసారి నిశ్శబ్దం.
మిసెస్ ఓర్న్‌స్టైన్ నాకొక గుడ్డు ఒలిచి పెట్టింది,
మాట మాత్రం ఇంకా ఆడలేదు.

తిర్జా వెళ్తుంటే టైరు కింద రాయి నేనే తీశాను.
తడిగా ఉంది, అంచున కొంచెం గ్రీజు.
ఇడలీనా వాళ్లు పూలు తెస్తారు.
మేం సమాధి మీద రాళ్లు పెడతాం.
ఏడు రోజులు గడిచేదాకా
ఇది నా కోటు జేబులోనే.