ఊర్లాం నాలుగు

ముద్దాడ తవిటయ్య గారూ,
మీ నోటుబుక్కు నా దగ్గరే ఉంది.
అట్ట మీద చక్కెర మిల్లు ముద్ర.
లోపల, బండి నంబరు రాయాల్సిన గడిలో ఎత్తు,
చెరకు బరువు రాయాల్సిన గడిలో పైఎత్తు.

గళ్లకి పేర్లుంటాయని మీకెవరూ చెప్పలేదు.
నిలువు వరసలు ఎనిమిదికీ
రైలు స్టేషన్లు పెట్టుకున్నారు:
పలాస, పూండి, నౌపడ, తిలారు,
ఊర్లాం, ఆమదాలవలస, దూసి, పొందూరు.
మీ రాజు ఊర్లాంలో పుడతాడు.
దూసిలో కట్టేసిన గుర్రం
మొదటి దూకులోనే నాగావళి దాటి
ఆమదాలవలస మూడులో దిగుతుంది,
గిట్టలకి తడంటకుండా.

ముందు పుట్టిన ముగ్గురూ పోయాక
మీ అమ్మ మిమ్మల్ని
చేటెడు తవుడుకి పొరుగింటికి అమ్మేసి
మర్నాడు మళ్లీ కొనుక్కుందట.
చావు కళ్లెదుట కూర్చుని ఆడుతుంటే
ఇవ్వక తప్పనట్టు ఇచ్చి, దక్కించుకోవడం!
ఆ ఎత్తు మీరు ఎన్ని ఆటల్లో వేశారో
లెక్కపెట్టడం మధ్యలో మానేశాను.

క్రషింగు రోజుల్లో
మిల్లు గేటు నుంచి రైల్వే గేటు దాకా బళ్లే.
ఎడ్లు నెమరేస్తుండగా
తూకం వంతు రాని రైతులతో
కాటా గది అరుగు మీద మీ ఆట.
గోనెపట్టా మీద బొగ్గు గీతలు.
అరకిలో రాయి రాజు, పావుకిలో మంత్రి,
బోల్టులు గుర్రాలు, నట్లు బంట్లు.
నల్లవాటికి గ్రీజు పూసేవారు.
ఓడినా గెలిచినా వేళ్లు నలుపే.

నాన్నకి కేరేజీ తెచ్చి
అక్కడే నిలబడిపోయాను నేను.
"ఏటే గుంటా, అలా సూస్తన్నావు?
ఏ పావు బరువో సెప్పు."
రాజుని చూపించాను.
మీరు నవ్వలేదు. ఒక నట్టు తీసి
తిలారు ఏడులో పెట్టారు.
"మరిప్పుడు?"
ఎదురుగా కూర్చున్న రైతు
చుట్ట ఆర్పేశాడు.

విజయనగరంలో ఒక్కటే పోటీ ఆడారు.
నలభై ఒక్క ఎత్తులూ వరసగా రాసి
కింద ఒక ముక్క:
"ఆట బాగుంది. గడియారం గెలిచింది."
పక్కన బొత్తాం నొక్కాలని
మీకు గుర్తే లేదట.
రెండెత్తుల్లో ఆటకట్టు ఉంది, మాస్టారూ.
నేను చూశాను.

మిల్లు మూసేశారు. కాటా పళ్లెం మీద
ఇప్పుడు ముళ్లతుప్ప తూగుతోంది.
శనివారాలు పొందూరు బడిలో
పిల్లలకి ఆట చెబుతాను.
వాళ్ల ఫోన్లలో ప్రతి ఎత్తుకీ
ఏదో దూరదేశం పేరుంటుంది.
నేను మాత్రం "ఊర్లాం నాలుగు" అంటాను.
మొదట్లో కిసుక్కుమనేవారు.
దూసి నుంచి వచ్చే భానుతేజ
ఇప్పుడు ఆట మొదలవగానే అడుగుతాడు:
"మేడం, మా ఊరి గుర్రం బయల్దేరిందా?"

మీ చివరి పేజీ ఇరవైమూడో ఎత్తు దగ్గర ఆగిపోయింది.
ఎదుటివాడి పేరు లేదు,
బండి నంబరు 212 అని మాత్రం ఉంది.
వంతు వచ్చి లేచిపోయాడేమో.
లేక మీరే లేచారో.
తెల్లవాళ్ల ఎత్తు.
నిన్న ఆ ఆటని బోర్డు మీద పరిచాను.
భానుతేజ చెయ్యి చాపబోయాడు.
నా నోట్లోంచి మీ గొంతు వచ్చింది:
"తొందరేటి? రైలేటి ఎల్లిపోతదా?"
వాడు చెయ్యి వెనక్కి తీసుకుని
గడ్డం కింద పెట్టుకున్నాడు.
బడి గంట కొట్టారు.
ఎవరూ లేవలేదు.