ముందు ఎరుపు

రాత్రి పదిన్నరకి బాత్‌రూమ్ తలుపు బెత్తెడు తెరుచుకుంది.
"నాన్నా, నవ్వితే నీతో జన్మలో మాట్లాడను."
నవ్వలేదు. ముందు లెక్కపెట్టుకోవాలి కదా:
కుదుళ్ళ దగ్గర పసుపు, మధ్యలో ఆకుపచ్చ, చివర్లు ఎరుపు.
వరస కూడా తప్పలేదు. మా దేశం జెండా.
"ఫిబ్రవరి పదహారుకి ఇంకా మూడు నెలలుందే," అన్నాను.
తువ్వాలు వచ్చి మొహాన పడింది.

రెండు డబ్బాలు సింకులో బోర్లా పడున్నాయి.
ఒకదాని మీద పొగమంచు రంగు జుట్టుతో ఒకమ్మాయి నవ్వుతోంది,
ఆ నవ్వు ఖరీదు ఆరు యూరోల తొంభై.
వాళ్ళమ్మ కీల్ నుంచి వచ్చే ఫెర్రీలో
వందమందికి సూపు వడ్డిస్తూ ఉంటుంది,
పొద్దున ఎనిమిదికి గాని దిగదు.
ఫోన్ చేద్దామంటే నడిసముద్రంలో సిగ్నల్ ఉండదు,
ఉన్నా ఉగ్నే చెయ్యనివ్వదు.

కింది అంతస్తు దాంగువొలే గారు
నైట్‌గౌను మీద కోటు తొడుక్కుని వచ్చారు.
ముప్పై ఏళ్ళు ఈ పేట ఆడవాళ్ళ తలలన్నీ ఆవిడ చేతుల మీదుగా వెళ్ళినవే,
ఇప్పుడు కత్తెర పడితే బొటనవేలు వణుకుతుంది.
ఒక పాయ తీసి దీపానికి అడ్డం పెట్టి చూశారు.
"మళ్ళీ బ్లీచ్ పెడితే జుట్టు చేతిలోకొస్తుంది. దాని జోలికి పోకండి.
తిన్నగా గోధుమరంగు వేస్తే వారంలో బురద.
ముందు ఎరుపు. ఆకుపచ్చని చంపేది ఎరుపే.
ఏ రంగైనా ఇక దాని మీద నిలబడుతుంది."
కుర్చీ లాక్కుని కూర్చుని, "కానియ్యి, పెయింటరువేగా," అన్నారు.

పెయింటర్నే.
ఇరవై రెండేళ్ళుగా క్లైపెడా యార్డులో ఓడల పొట్టలకి రంగేస్తున్నాను.
తుప్పు గీకడం, కడగడం, ఆరనివ్వడం,
ముందు ఎర్ర ప్రైమర్.
ఎవరూ చూడని ఆ ఎరుపు మీదే తెల్ల ఓడలన్నీ తిరుగుతుంటాయి.
కానీ ఇనుము "మంట, మంట" అనదు.
ఇనుముకి ముక్కు చీదడం రాదు.

సూపు గిన్నెలోనే రంగు కలిపాను. బ్రష్ రెండంగుళాలది, కొత్తది.
డబ్బాలోని గ్లవ్స్ పసిపిల్ల మేజోళ్ళంతున్నాయి, పారేశాను.
పాయ తీసి, రాసి, రేకులో చుట్టి, మళ్ళీ పాయ తీసి.
గడియారం చూస్తానన్న దాంగువొలే గారు కూర్చునే నిద్రపోయారు.
అప్పుడంది ఉగ్నే, గోడకేసి చూస్తూ:
"బళ్ళో నన్ను తుప్పంటారు. తుప్పుపట్టిన పడవ అంటారు.
నాది నీ జుట్టే కదా నాన్నా. కోపం తెచ్చుకోకు."

ఏం కోపం.
తుప్పంటే ఏమిటో నాకొకరు చెప్పాలా?
నా నెత్తిన ఆ రంగు వెలిసిపోయి ఆరేళ్ళు,
ఉన్నదంతా బూడిద.
"తల ఎత్తు, మెడ మీద కారుతోంది," అన్నాను.

కడిగి, ఆరబెట్టి, ఎరుపు మీద గోధుమరంగు వేసి
మళ్ళీ కడిగేసరికి రెండున్నర.
అద్దంలో, వానకి తడిసిన ఓక్ చెక్క.
అనుకున్న పొగమంచు కాదు.
ఇటు తిరిగి, అటు తిరిగి, "ఫర్లేదు," అంది.
ఆ మాటకి నెల ఓవర్‌టైమ్ వదులుకోవచ్చు.

తల తుడుస్తుంటే కనిపించింది,
ఎడమ చెవి వెనక, వేలెడు మేర,
దాని బ్లీచ్ అందనిది, నా బ్రష్ తగలనిది,
పుట్టినప్పటి రంగు.
గిన్నెలో ఇంకా అడుగున ఉంది.
బ్రష్ తడిగానే ఉంది.
యార్డులో ఇలా జాగా వదిలితే రోజు కూలి కోస్తారు.
బ్రష్ కడిగేశాను.
ఫోర్‌మన్ గింతౌతస్‌కి చెప్పకండి.

పొద్దున వాళ్ళమ్మ వచ్చి ముందు పిల్ల తల చూడలేదు,
నా చేతులు చూసింది.
పది వేళ్ళూ గోధుమరంగు, గోళ్ళ కింద ఎరుపు.
"ఎవర్ని చంపావు?" అంది.
"ఆకుపచ్చని," అన్నాను.