ఆఖరున ఆరే గీత

చీమకుర్తిలో మా ఆఫీసు గదికి
కటింగ్ మిల్లు చప్పుడే గోడ.
మంగళవారం ఆ గోడ దాటి మూడు గొంతులొచ్చాయి,
మీ ఫొటోలన్నీ మేం దాచిపెడతామంటూ.

ఎన్ని ఉంటాయి మేడమ్, అన్నారు.
అది తెలిస్తే మిమ్మల్నెందుకు పిలుస్తాం?
పదకొండు హార్డ్ డిస్కులు, అందులో రెండు తిరగవు.
నాయబ్ రసూల్ ఫోన్‌లో కొన్ని,
ఉద్యోగం మానేసి ఫోన్‌తో సహా కందుకూరు వెళ్లిపోయాడు.
వాట్సాప్‌లో చేతులు మారి మారి
నలుపు బూడిదైపోయినవి కొన్ని.
ఫైనల్, కొత్త ఫైనల్, ఇదే ఫైనల్ అని
ఒక్క రాయే ముగ్గురై నిలబడ్డవి ఇంకొన్ని.

పోయినేడు అమ్ముడైపోయిన పలకని
ఇటలీ ఆయనకి మళ్లీ చూపించాం.
అదే కావాలన్నాడు.
అప్పటికది పోలండ్‌లో ఎవరింట్లోనో
ఉల్లిపాయలు తరిగించుకుంటోంది.
చెంచురామయ్యగారు ఆరోజు నన్నేమీ అనలేదు.
ఆ అనకపోవడం రెండ్రోజులు నా కుర్చీలోనే కూర్చుంది.
మూడోరోజు,
"ముగ్గుర్ని పిలువు, పోల్చు, కాగితం మీద పెట్టు."

పెట్టాను.
బెంగళూరువాళ్లది తలకింత.
చూస్తే ఉచితం, ముట్టుకుంటే డబ్బు.
మేం పద్నాలుగు తలలం. లోడింగ్ కుర్రాళ్లని కలిపితే
తలలకే సగం లాభం పోతుంది.
హైదరాబాదు అబ్బాయిది జాగాకింత.
కానీ గెలాక్సీ రాయిలో బంగారు చుక్క కనపడాలంటే
ఫొటో బరువుగానే తీయాలి కదా.
మూడోది తెర మీంచి మాట్లాడిన ఒక పిల్ల:
పేర్లు మీరు పెట్టనే అక్కర్లేదు,
మా యంత్రమే చూసి పెట్టేసుకుంటుంది.

ముగ్గురికీ అవే నలభై ఫొటోలిచ్చాను.
యంత్రం ఆలోచించి రాసింది:
రాత్రి. ఆకాశం. నక్షత్రాలు.
అందరం నవ్వాం.
రాయిని మేం అమ్మేది కూడా ఆ మాట చెప్పే గదా,
అని తర్వాత గుర్తొచ్చింది.

టీ గ్లాసు కోసం వచ్చిన మాలకొండయ్య
గుమ్మంలోంచే తెర చూసి,
"ఆ రెండో వరసలో మూడోది పగులుండాది గదమ్మా" అన్నాడు.
ఎక్కడ? పెద్దది చేసి చూశాం. ఇంకా పెద్దది చేశాం.
చుక్కలే, చుక్కలే.

యార్డుకి తీసుకుపోయాడు అందర్నీ.
తెర మీది పిల్లని నేను చేతిలో పట్టుకుపోయాను.
రోహిణీ కార్తె ఎండ. బక్కెట్టెత్తి
పలక నిండా నీళ్లు కుమ్మరించి, పక్కకి జరిగి
బీడీ ముట్టించాడు.
మేం నిలబడ్డాం.
అంచులారాయి. నడుమారింది.
ఒక్క గీత ఆరలా.
వెంట్రుకంత.
"పగులు నీళ్లు తాగుద్ది. అందుకే ఆఖరున ఆరుద్ది."

ఇది ఏ గడిలో రాయాలి, అన్నాను.
వచ్చే వెర్షన్‌లో చూద్దాం, అన్నారు బెంగళూరువాళ్లు.
పదివేల పగుళ్ల ఫొటోలిస్తే నేర్పిస్తాం, అంది పిల్ల.
పదివేల పగుళ్లుంటే మేం వ్యాపారమెందుకు చేస్తాం?
హైదరాబాదు అబ్బాయి చొక్కా తడిసిపోయి,
"మళ్లీ పొయ్యండి పెద్దాయనా, వీడియో తీస్తా" అన్నాడు.

చివరి ప్రశ్న ముగ్గురికీ ఒకటే:
రేపు మేం మానుకుంటే
మా రాళ్లు వాటి పేర్లతో సహా తిరిగిస్తారా?
ఒకరు ఒప్పందంలో ఇరవైమూడో పేజీ చూడమన్నారు.
పిల్ల గొంతు నెట్‌వర్క్‌లో ముక్కలైంది.
"ఫొటోలొస్తాయి. పేర్లు వస్తాయో లేదో
కనుక్కుని చెప్తా మేడమ్" అన్నాడు అబ్బాయి.
ఇంకా చెప్పలేదు.

సాయంత్రం కాగితంలో నాలుగో వరస గీశాను, ఊరికే.
పేరు: మాలకొండయ్య.
ధర: నెలకి పదహారు వేలు, టీలు వేరే.
జాగా: ఒక తల.
వెతకడం: అడిగితే చాలు.
మానుకుంటే పేర్లు తిరిగొస్తాయా:

వచ్చే ఉగాదికి ఆయనకి అరవై తొమ్మిది.
ఆ గడి అట్టాగే వదిలేసి
అబ్బాయికి ఫోన్ చేశాను.
ఈసారి పొద్దున్నే రమ్మన్నాను,
ఫోన్ అడ్డంగా పట్టుకోమన్నాను,
బక్కెట్టు మాత్రం మాది చాలదు,
పెద్దది తెచ్చుకోమన్నాను.